గడి లేని పేరు

నన్ను ఊళ్ళో అందరూ పేర్లాయన అంటారు. నా అసలు పేరు గుర్తింపు కార్డు మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. దానికి నేనూ బెంగపెట్టుకోలేదు. జనన మరణాల ఆఫీసులో మూడో కిటికీ వెనక ముప్ఫై నాలుగేళ్ళుగా కూర్చున్నవాణ్ణి. ఇంకో రెండు నెలల్లో దిగిపోతాను.

ఏటా కొత్త సంవత్సరం మొదట్లో ఏ పేరు ఎంతమంది పిల్లలకి పెట్టారో పట్టిక తయారుచేసి పైకి పంపడం నా పనుల్లో ఒకటి. ఎవరూ చదవని ఆ పట్టికని నేను మాత్రం ప్రాణం పెట్టి చేస్తాను. జనం పిచ్చి అంతా అందులో తెలుస్తుంది. ఒక సినిమా ఆడిందంటే ఆ ఏడాది పుట్టిన మగపిల్లల్లో పావువంతు మంది హీరోలే. తర్వాతి సినిమా బోల్తా పడితే ఆ పేరూ దాంతోపాటే బోల్తా. తండ్రులు కిటికీ ముందు ఛాతీ విరుచుకుని నిలబడి "ఎవరికీ లేని పేరండీ, వెతికి వెతికి పెట్టాం" అంటారు. నేను కళ్ళజోడు పైనుంచి చూసి "ఈ నెలలో మీవాడు పదకొండోవాడు" అంటాను. పాపం, వాళ్ళ మొహాలు మాడిపోతాయి. అదో పాడు సరదా నాకు.

కానీ ఇన్నేళ్ళలో నా చేతిమీదుగా వెళ్ళిన పేర్లలో నిజంగా ఒక్కడికే ఉన్న పేరు ఒకటుంది. నిలవర్. దాన్ని పుస్తకంలో రాసింది నేనే. మొన్నటిదాకా దాని అర్థం తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద ఇద్దరే ఇద్దరు, నేనూ మా ఆవిడా. ఆ పేరుతో ఒక మనిషి తిరుగుతున్నాడన్న సంగతి మాత్రం అప్పటికి మా ఆవిడకి కూడా తెలియదు.

ఆ మంగళవారం కిటికీ ముందు పెద్దగా జనం లేరు. అద్దం కింది సందులోంచి ఒక ఫారం లోపలికి వచ్చింది. పుట్టుకల ఫారం తెల్లగా ఉంటుంది, చావులది లేత నీలం. రంగు చూడగానే మొహం సర్దుకోవడం నాకు అలవాటు. సర్దుకుని పేరు గడి చూశాను. నిలవర్. వయసు ఇరవై ఆరు. వృత్తి లిఫ్టు మెకానిక్కు. కారణం రక్తానికి సంబంధించిన జబ్బు.

తలెత్తితే టైలరమ్మ. బజారు చివర స్కూలు యూనిఫారాలు కుట్టే షాపు ఆవిడది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. తీయడం మర్చిపోయి వచ్చేసినట్టుంది.

"ఎప్పుడమ్మా?" అన్నాను.

"పోయిన గురువారం. నాలుగు నెలలు ఆస్పత్రిలోనే ఉన్నాం."

నాకు ఓదార్చడం చేతకాదు. "ఇక్కడ సంతకం పెట్టండి" అని వేలితో చూపించడమే ఇన్నేళ్ళూ నాకు తెలిసిన ఓదార్పు. అదే చేశాను. ఆవిడ సంతకం పెట్టి, పెన్ను తిరిగి ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుంది.

"మీతో ఒక మాట చెప్పాలండీ. సమాధి మీద రాయి పెట్టిస్తున్నాం. పేరు కింద ఒక వరస జాగా ఉంటుంది, చాలామంది పేరుకి అర్థం రాయించుకుంటారు, మీరేం రాయమంటారు అని రాళ్ళు చెక్కే ఆయన అడిగాడు. శుక్రవారంలోగా చెప్పాలి. నాకేమో అర్థం తెలీదు. అప్పుడు మీరు ఏదో పాత పుస్తకంలో ఉందన్నారు. ఆ పుస్తకమేదో చెప్తే నేనే వెతుక్కుంటా."

నాకు బాగా వచ్చిన మాట ఒకటుంది కదా, అది వాడాను.

"రేపు రండి" అన్నాను.

ఆవిడ వెళ్ళాక ఫారం పక్క బల్ల మీద కంప్యూటరు అమ్మాయికి ఇచ్చాను. నన్ను బాబాయ్ అంటుంది. టకటకా కొట్టి, ఆగి, తెర వైపు వంగింది. "బాబాయ్, ఈ పేరు మొత్తం లెక్కలో ఒక్కటే ఉందే! భలే ఉంది కదా?" అంది. ఆ తర్వాత ఏదో మీట నొక్కింది. చనిపోయినవాళ్ళ వరస తెర మీద బూడిదరంగులోకి మారిపోతుంది. ఆ పేరుకి ఎదురుగా ఒకటి పోయి సున్నా వచ్చింది.

ఆ సున్నాని నేను ఇంతకుముందు ఒకసారి చూశాను. అప్పుడు కంప్యూటర్లు లేవు. దుమ్ముపట్టిన పుస్తకాలు ఒక్కొక్కటే దించి, వేలు పెట్టి వెతికి చూశాను. అప్పుడు ఆ సున్నా చూసి ఎగిరి గంతేశాను.

మా ఆవిడ కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించే పని చేసేది. మా పెళ్ళయిన ఆరేళ్ళలో మూడుసార్లు కడుపు నిలవలేదు. డాక్టరమ్మ ఆ మాటే వాడేది, "నిలవలేదమ్మా" అని. ఏదో బస్సు మన స్టాపులో ఆగకుండా వెళ్ళిపోయినంత మామూలుగా అనేది. నాలుగోసారి ఐదో నెల దాటింది. షాపు నుంచి సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూర్చుని, పొట్ట మీద అరచెయ్యి పెట్టుకుని గొణుక్కునేది. "నిలవరా. నిలవరా నాన్నా. ఎక్కడికీ పోకురా." ఆడో మగో తెలియకుండానే రా అనేది. నేను ఓ రోజు వంటగదిలో గిన్నెలు తోముతూ సగం విని, "ఎవరే ఆ నిలవర్? మీ షాపులో కొత్తగా చేరాడా?" అని అరిచాను. ఆవిడ పొట్ట పట్టుకుని పడీ పడీ నవ్వింది. ఆ నవ్వులోనే పేరు ఖాయమైపోయింది. మగపిల్లాడైతే నిలవర్.

మర్నాడే ఆఫీసులో యాభై ఏళ్ళ పుస్తకాలు గాలించాను. ఒక్కడంటే ఒక్కడు లేడు. ఇంటికి వచ్చి చెబితే, "అయితే మనవాడు ఒక్కడేనన్నమాట" అంది మా ఆవిడ. అందరి తండ్రుల్నీ వెక్కిరించే నేను ఆ రోజు ఛాతీ విరుచుకున్నాను. మర్నాటి నుంచి నెలలు నిండేదాకా పొట్టతో ఆ పేరుతోనే మాట్లాడాం. నేను ఆఫీసు కబుర్లన్నీ వాడికే చెప్పేవాణ్ణి.

వాడు పుట్టాడు. ఏడవలేదు. అంతే.

అలా పుట్టినవాళ్ళకి వేరే ఫారం ఉంటుంది, నిర్జీవ జననం అని. నా తోటి గుమాస్తా తను నింపుతానన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎనిమిదేళ్ళుగా చేస్తున్న పనే కదా అనుకున్నాను. తల్లి వయసు రాశాను. బరువు రాశాను, మూడు కిలోలకి కాస్త తక్కువ. మగ అన్నచోట టిక్కు పెట్టాను. తర్వాత పేరు రాయబోతే గడి కనపడలేదు. కాగితం వెనక్కి తిప్పాను. అటూ లేదు. ఆ ఫారంలో పేరుకి గడి లేదు. ఎనిమిదేళ్ళుగా అలాంటి ఫారాలు ఎన్నో నింపి కూడా ఆ సంగతి నేను గమనించలేదు. ఎంతమంది తండ్రులు నా కిటికీ ముందు నిలబడి, ఏదో చెప్పబోయి, చెప్పకుండా సంతకం పెట్టి వెళ్ళిపోయారో అప్పుడు గుర్తొచ్చింది. అంచున రాద్దామా అనుకున్నాను. అంచున రాస్తే పైవాళ్ళు కాగితం తిప్పి పంపిస్తారు. రాయకుండానే ఇచ్చేశాను.

ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు మా ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఒకే మాట అంది. "ఆ పేరు ఇంక ఈ ఇంట్లో ఎవరూ అనొద్దు." ఎవరూ అంటే నేనే. ఇంట్లో ఇంకెవరున్నారు?

పదకొండో రోజున పనిలోకి వెళ్ళాను. కుండపోతగా వాన. తలుపులోంచి ఒక వ్యాను డ్రైవరు తడిసి ముద్దయి వచ్చాడు. ఆస్పత్రి ఇచ్చిన కాగితం, ఒక చీటీ కిటికీలోంచి తోశాడు. చీటీ మీద సిరా అంతా కారిపోయి నీలం మరక మిగిలింది. మొదటి అక్షరం ఒక్కటే ఆనవాలు తెలుస్తోంది, ని.

"బాబు పేరేంటి?" అన్నాను.

"చీటీలో ఉంది సార్. మా చెల్లెలు రాసిచ్చింది."

"చీటీలో వాన ఉంది. పేరు చెప్పు."

"నాకు నోరు తిరగదు సార్, ని తో మొదలవుతుంది. బయట వ్యానులో సరుకు నానిపోతోంది. తొందరగా కానివ్వండి."

రేపు రా అనాలి. రూలు అదే. ఎండ కాసే రోజున కూడా జనాన్ని ఉత్తపుణ్యానికి తిప్పిన మనిషిని నేను. ఆ ఒక్క రోజు ఆ మాట నోట రాలేదు. ఎదురుగా తెల్ల ఫారం. అందులో పేరు అని అచ్చువేసిన గడి. ఖాళీగా ఉంది. రాశాను. నిలవర్. గుండ్రంగా, అక్షరం అక్షరం విడివిడిగా, నా ఉద్యోగం మొత్తం మీద అంత బాగా నేను ఏదీ రాయలేదు. డ్రైవరు చదవకుండానే సంతకం గీకి వానలోకి పరిగెత్తాడు.

ఎవరైనా అడిగితే అది పొరపాటని చెప్పడానికి చీటీ దాచుకున్నాను. నాకు నేను మాత్రం ఎప్పుడూ అలా చెప్పుకోలేదు.

నెలన్నర తర్వాత టైలరమ్మ వచ్చింది. అప్పటికి షాపు లేదు, ఇంట్లోనే కుట్టేది. భుజాన గుక్కపెట్టి ఏడుస్తున్న పిల్లాడు, చేతిలో సర్టిఫికెట్టు, కళ్ళలో నిప్పులు. "ఎవరండీ ఇది రాసింది? నేను రాసిచ్చింది వీధికి నలుగురున్న పేరు. అది కూడా చదవడం రాదా మీకు?" అంది. నేనే రాశాను, చీటీ తడిసింది, తప్పు నాదే, అర్జీ పెట్టండి, ఇవాళే మార్చేస్తాను అన్నాను. చెబుతున్నంతసేపూ నా కళ్ళు పిల్లాడి మీదే ఉన్నాయి. ఆవిడ సర్టిఫికెట్టు మళ్ళీ చూసి, పిల్లాడి చెవి దగ్గర వెటకారంగా "ఏరా నిలవర్?" అంది. వాడు ఠక్కున ఏడుపు ఆపాడు. ఆగి, అమ్మ మొహంలోకి చూశాడు. ఆవిడ ఇంకోసారి అంది. వాడు ఎక్కిళ్ళు మింగుతూ చూస్తూనే ఉన్నాడు.

"దీనికి అర్థం ఏంటండీ?" అంది, గొంతు తగ్గించి.

"పాత పుస్తకంలో ఉందమ్మా. మంచి పేరు" అన్నాను. నేను ఆడిన అబద్ధం అదొక్కటే, ఇరవై ఆరేళ్ళు సరిపోయింది.

అర్జీ పెట్టకుండానే వెళ్ళిపోయింది. తర్వాత వాడు ఊళ్ళో నా కళ్ళముందే పెరిగాడు. మా ఆవిడతో బజారుకి వెళ్ళినప్పుడల్లా ఆ షాపు ముందు నుంచి కాకుండా చుట్టుతిరిగి తీసుకెళ్ళేవాణ్ణి, ఎవరైనా వాణ్ణి పేరు పెట్టి కేకేస్తారేమోనని. "మీకు దగ్గరి దారి ఎప్పుడూ నచ్చదు" అని మా ఆవిడ సణిగేది. ఒక్కణ్ణే ఉంటే మాత్రం ఆ షాపు ముందు చెప్పు సరిచేసుకునే వంకతో నిలబడేవాణ్ణి. లోపల్నించి వాళ్ళమ్మ "నిలవర్, అన్నం తిన్నావా?" అని అరవడం ఒకసారి విన్నాను. ఇంటికి వెళ్ళేదాకా ఆ మాటే చెవుల్లో ఉంది.

వాడికి ఇరవై దాటాక ఒకసారి నకలు కాగితం కోసం నా కిటికీ దగ్గరికే వచ్చాడు. పొడుగ్గా ఉన్నాడు, అద్దంలోంచి మాట్లాడటానికి వంగాల్సి వచ్చింది. గోళ్ళలో గ్రీజు. "సార్, నా పేరు పెట్టింది మీరేనటగా. మా అమ్మ చెప్పింది. అర్థం ఏంటి సార్? అందరూ అడుగుతున్నారు, ఏదో ఒకటి చెప్పలేక చస్తున్నా" అన్నాడు నవ్వుతూ. వెనక జనం ఉన్నారు. "ఇప్పుడు కుదరదు, రేపు రా" అన్నాను. వాడు ఇంకా నవ్వి, "ఈ మాట వినడానికే అందరూ ఇక్కడికొస్తారట సార్" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. నేనూ పిలవలేదు. నా జీవితంలో ఒక్క రోజుని తిరిగి తెచ్చుకోగలిగితే ఆ రోజు తెచ్చుకుంటాను.

బుధవారం పొద్దున నిఘంటువు చూసి ఒక చీటీ మీద "స్థిరమైనవాడు" అని రాసి పెట్టుకున్నాను. పూర్తిగా అబద్ధం కూడా కాదు. టైలరమ్మ పది గంటలకల్లా వచ్చింది. చీటీ చదివింది. రెండుసార్లు చదివింది.

"ఏ పుస్తకమండీ?"

"పాతది. ఇప్పుడు దొరకదు."

"దొరక్కపోతే పోనీ. పేరు చెప్పండి చాలు." ఆవిడ చీటీని నాలుగు మడతలు పెట్టింది. "వాడు చిన్నప్పట్నించీ అడిగేవాడండీ, అమ్మా నా పేరుకి అర్థం ఏంటి, అమ్మా నా పేరుకి అర్థం ఏంటి అని చెవిలో జోరీగలాగ. ఆఫీసులో అడిగి చెప్తాలేరా అనేదాన్ని. యూనిఫారాల సీజను అయిపోనీరా అనేదాన్ని. ఆస్పత్రిలో కూడా అడిగాడు. అప్పుడూ అదే చెప్పా, ఇంటికెళ్ళగానే అడుగుతాలేరా అని. కనీసం రాయి మీద అయినా నిజం రాయిద్దామని."

నిజం అన్న మాట దగ్గర నా వల్ల కాలేదు. కిటికీ మూసేసి, పక్క తలుపు తీసి, ఆవిడని రికార్డుల గదిలోకి రమ్మన్నాను. బీరువాల మధ్య రెండు స్టూళ్ళు ఉంటాయి. నిర్జీవ జననాల పుస్తకం దించి, ఆ సంవత్సరం, ఆ పేజీ తీసి ఆవిడ ముందు పెట్టాను. మా ఆవిడ వయసు, మూడు కిలోలకి తక్కువ బరువు, టిక్కు, కింద నా సంతకం. మొత్తం చెప్పాను. చీటీ, వాన, గడి, అన్నీ.

ఆవిడ పేజీ మీద నుంచి కళ్ళు తీయకుండా విన్నది. విన్నాక లేచి నిలబడింది.

"పోయిన పిల్లాడి పేరా? పోయిన పిల్లాడి పేరు తీసుకొచ్చి నా కొడుక్కి పెట్టారా?"

"అమ్మా..."

"ఇరవై ఆరేళ్ళు పొద్దున లేచిందగ్గర్నించీ ఆ పేరే పిలిచానే! మీకు మనసెలా వచ్చింది? మీ బిడ్డకి లేని ఆయుష్షు నా బిడ్డకెక్కడ్నించి వస్తుంది?"

తలుపు దడాలున వేసి వెళ్ళిపోయింది. నేను ఆ స్టూలు మీదే మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఆవిడ అన్న మాటలో న్యాయం లేదని ఎవరైనా చెబితే బావుండుననిపించింది. చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి, కాళ్ళు కూడా కడుక్కోకుండా మా ఆవిడకి అంతా చెప్పేశాను. బీన్సు తరుగుతోంది. తరగడం ఆపలేదు. అయిపోయాక కత్తి కడిగి, చేతులు తుడుచుకుని, ఎదురుగా కూర్చుంది.

"ఈ ఊళ్ళోనేనా?" అంది.

"ఈ ఊళ్ళోనే."

"ఇన్నేళ్ళూ?"

తల ఊపాను.

"అందుకా ఆ చుట్టుదారి?"

ఒక్క తిట్టు తిట్టినా తేలికపడేవాణ్ణి. తిట్టలేదు. ఆ రాత్రి అన్నం కూడా మామూలుగానే వడ్డించింది, నేనే తినలేకపోయాను. ఆవిడ దగ్గర్నించి నేను దొంగిలించింది పేరొక్కటే కాదని అప్పుడు అర్థమైంది. వాణ్ణి దూరంగా నిలబడి చూసే అవకాశం కూడా దొంగిలించాను. చెప్పు సరిచేసుకునే వంక ఆవిడకీ ఉండేది కదా.

గురువారం పొద్దున చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. "పదండి. దగ్గరి దారిన తీసుకెళ్ళండి" అంది.

టైలరమ్మ మిషను ముందు కూర్చుని ఉంది కానీ కుట్టడం లేదు. సూది కింద ఒక నీలం గుడ్డ సగంలో ఆగి ఉంది. పక్కన కాలర్లకి కుట్టే పేరు ముక్కలు, స్కూలు పిల్లలవి, పెట్టె నిండా ఉన్నాయి. నన్ను చూడగానే మొహం తిప్పుకుంది. నేను గుమ్మం బయటే ఆగిపోయాను. మా ఆవిడ లోపలికి వెళ్ళి, ఎవరూ కూర్చోమనకుండానే, కొలతలు ఇచ్చేవాళ్ళు కూర్చునే బల్ల మీద కూర్చుంది.

"నేను ఆయన భార్యనమ్మా. మా వాడు మీవాడి కంటే వారం రోజులు పెద్ద" అంది.

టైలరమ్మ గోడ వైపు తిరిగింది.

"మీరు కోపంగా ఉన్నారు. ఉండండి. నాకూ ఉంది. కానీ ఒక్కమాట చెప్పిపోతా. అది పోయిన పిల్లాడి పేరు కాదమ్మా. మావాడికి ఆ పేరు అందనేలేదు. రాసుకోడానికి గడి కూడా ఇవ్వలేదు వాడికి. పుట్టి, కళ్ళు తెరిచి, ఆ పేరు పెట్టి పిలిస్తే పలికినవాడు మీవాడొక్కడే."

"అర్థం ఏంటి?" అంది టైలరమ్మ, గోడ వైపు చూస్తూనే. "ఆయన చెప్పింది కాదు. మీరు చెప్పండి."

"అర్థమంటూ ఏం లేదమ్మా. మూడుసార్లు నిలవలేదు నాకు. నాలుగోసారి రోజూ పొట్ట మీద చెయ్యేసి బతిమాలేదాన్ని. నిలవరా, నిలవరా అని. ఎక్కడికీ పోకు, ఉండరా అని. అదే ఆ పేరు."

టైలరమ్మ చెయ్యి మెడలోని టేపు మీదికి వెళ్ళింది. టేపు రెండు కొసలూ పిడికిట్లో పట్టుకుని గట్టిగా లాగింది. తర్వాత ఒక్కసారిగా ఏడ్చింది. గుమ్మం బయట నిలబడ్డ నాకే చూడటానికి భయమేసేంత ఏడుపు.

"నాలుగు నెలలు నేనూ అదే అన్నానక్కా" అంది. "మంచం పక్కన కూర్చుని, రోజూ. ఉండరా నాన్నా, ఉండరా అని. వాడి పేరే అదని నాకు తెలీదు."

మా ఆవిడ లేచి వెళ్ళి ఆవిడ తల పొట్టకి ఆనించుకుంది. ఇద్దరిలో ఎవరు ఎవరిని ఓదారుస్తున్నారో తెలియలేదు. బజారులో ఒక సైకిలతను ఆగి లోపలికి తొంగిచూశాడు. నేను అడ్డంగా నిలబడ్డాను.

కాసేపటికి మా ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని అడిగింది. "ఎంత పొడుగుండేవాడు?"

టైలరమ్మ అరలోంచి కొలతల పుస్తకం తీసింది. స్కూళ్ళ వారీగా పిల్లల కొలతలన్నీ అందులో ఉంటాయి. వెనక అట్ట వైపు నుంచి నాలుగైదు పేజీలు ఒక్కడివే. ఏటా పుట్టినరోజుకి ఒక చొక్కా కుట్టేదట. వరసగా చదవడం మొదలుపెట్టింది. నాలుగేళ్ళప్పుడు చొక్కా పొడుగు పదహారు, చెయ్యి ఆరున్నర. ఏడేళ్ళప్పుడు పందొమ్మిది, ఎనిమిది. పదమూడో ఏడు ఒక్కసారిగా ఎదిగిపోయాడు, కుట్టిన చొక్కా నెలకే బిగుతైపోతే తిట్టిందట. పద్దెనిమిదో ఏడు భుజం పదిహేడున్నర. మా ఆవిడ ఒక్కో అంకె వింటూ, తన చేతులతో గాలిలో వెడల్పు చూసుకుంటూ, తల ఊపుతోంది. ఇరవై అయిదో ఏడు భుజం పద్దెనిమిదిన్నర, చొక్కా పొడుగు ముప్ఫై ఒకటి. దాని కింద ఇంకో వరస ఉంది. టైలరమ్మ అక్కడ ఆగింది.

"ఇది ఆస్పత్రిలో తీసింది. చొక్కాలన్నీ వదులైపోతే మళ్ళీ..."

"అది వద్దు" అంది మా ఆవిడ. "ముందుది ఇంకోసారి చదవండి."

ఇంకోసారి చదివింది. చదివి, వెనక కొక్కేనికి వేలాడుతున్న చొక్కా తీసి మా ఆవిడ చేతుల్లో పెట్టింది. లేత నీలం గళ్ళ చొక్కా. గుండీలు ఇంకా కుట్టలేదు. కాలర్ లోపల పేరు ముక్క మాత్రం కుట్టేసి ఉంది. స్కూల్లో ఒకే పేరు పిల్లలు ఎక్కువ కాబట్టి అందరి ముక్కల మీదా పేరు ముందు ఒకటో రెండో పొడి అక్షరాలు ఉంటాయి. దీని మీద లేవు. ఎప్పుడూ అవసరం పడలేదట.

"రాయి మీద ఏం రాయించమంటారక్కా?" అంది టైలరమ్మ.

మా ఆవిడ ఆ మాట విన్నట్టు లేదు. కాలర్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. ఎర్రదారంతో కుట్టిన నాలుగు అక్షరాలు. ఒక్కో దాని మీదా వేలు పెట్టి, చదువు కొత్తగా నేర్చుకుంటున్న మనిషిలా, పైకి చదివింది.

"ని. ల. వ. ర్."

ఇరవై ఆరేళ్ళ తర్వాత ఆ పేరు మా ఆవిడ నోట విన్నాను. చదివి, ఎవరైనా పలుకుతారేమోనన్నట్టు కాసేపు ఆగింది.